గడప కింద నుంచి వచ్చే మాటలు

1994 వేసవిలో విజయవాడలో మా వదిన వాళ్ళింటికి వెళ్ళాను. రాత్రి భోజనాలయ్యాయి. వంటిల్లు సర్దుకుని వచ్చి ఇద్దరం కూర్చున్నామో లేదో, పక్క గదిలోంచి సముద్రపు హోరు మొదలైంది.

"బెజవాడకి సముద్రం ఎప్పుడొచ్చింది వదినా?" అన్నాను.

వదిన నవ్వి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. అది క్యాసెట్టట. మా మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చాడు. వాడికి లెక్కలంటే భయం. ఏదో పత్రికలో ప్రకటన చూసి వి.పి.పి.లో తెప్పించింది. నాలుగు క్యాసెట్లు, 600 రూపాయలు. మా అన్నయ్యకి తెలియకుండా ఇంటి ఖర్చుల్లోంచి రెండు నెలలు మిగిల్చి కట్టిన డబ్బు.

"పైకి అలల చప్పుడే వినిపిస్తుందే. దాని అడుగున 'నాకు అన్నీ గుర్తుంటాయి, నాకు లెక్కలు బాగా వచ్చు' అని మాటలుంటాయిట. అవి చెవికి వినపడవు. తిన్నగా మనసులోకి దిగిపోతాయిట. రోజూ పడుకునేముందు గంటసేపు పెట్టుకోమన్నారు" అంది.

"చెవికే వినపడనిది మనసుకెలా వినపడుతుంది వదినా?"

"నువ్వు చదువుకున్నదానివి కదా, నువ్వే చెప్పు" అంది. ఆ రోజు నాకు జవాబు తెలియలేదు. ఆ తర్వాత ఎక్కడ ఈ విషయం కనిపించినా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ, ఇది ఒక మోసగాడి కథా, ఒక నిజమైన సైన్సు కథా రెండూ జడలా అల్లుకుపోయిన వ్యవహారమని తెలిసింది. మా వదిన అడిగిన ప్రశ్నకి జవాబు ఇన్నేళ్ళకి ఇక్కడ రాస్తున్నాను.

పేరులోనే గడప ఉంది

ఇలాంటి సందేశాలని ఇంగ్లీషులో 'సబ్లిమినల్' అంటారు. పేరు నోరు తిరగకపోయినా అర్థం మనకి దగ్గరిదే. లాటిన్ భాషలో 'లిమెన్' అంటే గడప. గడపకి దిగువన ఉండిపోయేది సబ్లిమినల్ అన్నమాట.

ఏమిటీ గడప? పప్పు కూరలో ఒక్క ఉప్పు కల్లు వేసి రుచి చూడండి, తెలియదు. ఇంకోటి వేయండి, అయినా తెలియదు. అలా వేస్తూ పోతే ఒకచోట "ఆఁ, ఇప్పుడు ఉప్పు తగిలింది" అంటాం. ఆ చోటే గడప. కంటికీ చెవికీ కూడా ఇలాంటి గడపలే ఉన్నాయి. ఒక మాటని తెర మీద రెండు మూడు సెకన్లు చూపిస్తే చదువుతాం. సెకనులో ఏ ముప్ఫయ్యో వంతో చూపించి, వెంటనే దానిమీద పిచ్చిగీతలు చూపిస్తే, అక్కడ మాట ఉందన్న సంగతే తెలియదు. ఆ మొదటి ఉప్పు కల్లు నాలుకకి తెలియకపోయినా పప్పులో కరిగే ఉంది కదా! అలాగే ఆ మాట కూడా మనకి తెలియకుండా మెదడులో ఎక్కడో కరిగి ఉంటుందా అన్నదే శాస్త్రజ్ఞుల ప్రశ్న.

ఇక్కడ ఒక చిక్కు విడదీసుకోవాలి. మనం టి.వి. చూస్తూ కబుర్లాడుతున్నా, కుక్కరు మూడో విజిలు వేయగానే లేచివెళ్ళి స్టవ్వు కట్టేస్తాం. విజిళ్ళు లెక్కపెట్టామన్న సంగతే గుర్తుండదు. అది సబ్లిమినల్ కాదు. విజిలు వీధి చివరిదాకా వినపడేంత గట్టిగానే ఉంది, మన ధ్యాసే అటు లేదు. రేడియోలో, టి.వి.లో పొద్దస్తమానం విన్న సబ్బు పాటలు, నిర్మా పాట లాంటివి, మన నోట్లో ఆడటం కూడా ఈ కోవలోదే. అవి గడప దాటి, హాల్లోకి వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చున్నవి. మనం మాట్లాడుకునేది గడప దాటని వాటి గురించి.

పాప్‌కార్న్ పెద్దమనిషి

1957 సెప్టెంబరు 12న న్యూయార్క్‌లో జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు పత్రికలవాళ్ళని పిలిచి ఒక వింత చెప్పాడు. న్యూజెర్సీలోని ఫోర్ట్ లీ అనే ఊళ్ళో ఒక సినిమా హాల్లో ఆరు వారాలపాటు ప్రయోగం చేశానన్నాడు. తెర మీద సినిమా ఆడుతుండగా ప్రతి అయిదు సెకన్లకి ఒకసారి 'పాప్‌కార్న్ తినండి', 'కోకాకోలా తాగండి' అన్న మాటలు పడేవట. ఎంతసేపు? సెకనులో మూడువేలవ వంతు. సినిమా రీలులో సెకనుకి 24 బొమ్మలు కదులుతాయి. అందులో ఒక్క బొమ్మ తెర మీద ఉండే వ్యవధితో పోల్చినా ఇది వంద రెట్లకి పైగా తక్కువ. ఎవరి కంటికీ ఆనలేదు. కానీ మొత్తం 45,699 మంది ప్రేక్షకుల మీద చూస్తే పాప్‌కార్న్ అమ్మకాలు 57 శాతానికి పైగా, కోకాకోలా అమ్మకాలు 18 శాతం పెరిగాయని లెక్కలు చదివాడు.

అమెరికా గగ్గోలెత్తిపోయింది. అదే ఏడాది వాన్స్ పాకార్డ్ అనే రచయిత, ప్రకటనల కంపెనీలు మన మనసులతో ఎలా ఆడుకుంటాయో వివరిస్తూ 'ది హిడెన్ పర్స్యూయేడర్స్' అనే పుస్తకం రాశాడు. జనం అప్పటికే అనుమానంగా ఉన్నారు. ఈ పాప్‌కార్న్ వార్తతో అగ్గిమీద గుగ్గిలం అయ్యారు. ఇవాళ పాప్‌కార్న్ కొనిపించినవాడు రేపు ఓటు వేయించడా? పిల్లల చేత సారా తాగించడా? పత్రికల్లో సంపాదకీయాలు, చట్టసభల్లో ప్రశ్నలు. 1958 జనవరిలో వికరీ వాషింగ్టన్ వెళ్ళి పెద్దల ముందు తన యంత్రం ఆడించి చూపించాడు. దాచిపెట్టిన సందేశం పాప్‌కార్న్ తినమని. చూసిన సెనేటర్ ఒకాయన, నాకు మాత్రం హాట్ డాగ్ తినాలనిపిస్తోందని చమత్కరించాడట.

శాస్త్రజ్ఞులు మాత్రం నవ్వి ఊరుకోలేదు. ప్రయోగం ఎలా చేశావు, కాగితాలు చూపించు అన్నారు. చూపించలేదు. పకడ్బందీగా మళ్ళీ చేయమన్నారు. చేస్తే అమ్మకాలు కదల్లేదు. చివరికి 1962లో ఒక ప్రకటనల పత్రికతో మాట్లాడుతూ వికరీయే ఒప్పుకున్నాడు: తన దగ్గరున్న లెక్కలు ఏ నిర్ణయానికీ చాలనంత కొద్దివనీ, వ్యాపారం డీలాపడ్డ రోజుల్లో ఖాతాదారుల కోసం చేసిన ఆర్భాటమే అదనీ.

అయిదేళ్ళ తర్వాత వచ్చిన ఆ ఒప్పుకోలు ఎంతమంది చదివారు? పాప్‌కార్న్ కథ మాత్రం ఇప్పటికీ కాలేజీ పాఠాల్లో, వాట్సాప్ సందేశాల్లో నిజంగా జరిగినట్టే తిరుగుతోంది. పుకారు ఊరంతా తిరిగొచ్చినా నిజం ఇంకా చెప్పులు వెతుక్కుంటూనే ఉంటుంది.

కెనడా వాళ్ళకి ఆకలేసింది

వికరీ గొడవ వేడిగా ఉన్నప్పుడే, 1958లో, కెనడా ప్రభుత్వ టి.వి. సంస్థ సి.బి.సి. ఒక పరీక్ష పెట్టింది. ఆదివారం రాత్రి 'క్లోజప్' అనే కార్యక్రమంలో ఒక రహస్య సందేశం పంపుతున్నాం, అదేమిటో ఊహించి రాయండి అని ప్రేక్షకులకి చెప్పింది. ఆ సందేశం: 'ఇప్పుడే ఫోన్ చేయండి'. ఒక్క కార్యక్రమంలో 352 సార్లు తెర మీద మెరిపించారు. ఆ రాత్రి ఫోన్లు మామూలుకన్నా ఒక్కటి ఎక్కువ మోగలేదు.

ఉత్తరాలు దాదాపు 500 వచ్చాయి. ఒక్కరు కూడా సరిగ్గా చెప్పలేదు. అసలు తమాషా ఏమిటంటే, ఉత్తరాలు రాసినవాళ్ళలో సుమారు సగం మంది ఆ కార్యక్రమం చూస్తుంటే తమకి ఆకలేసిందనో దాహమేసిందనో రాశారు! పాప్‌కార్న్ కథ అప్పటికే అందరి చెవినా పడి ఉంది మరి. మనసు మీద పనిచేసింది తెర మీది రహస్య సందేశం కాదు, ముందురోజు పేపర్లో చదివిన వార్త.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మా వదిన క్యాసెట్ల దగ్గర మళ్ళీ కావాలి.

భయం మాత్రం పోలేదు. 1973 క్రిస్మస్ ముందు అమెరికాలో ఒక పిల్లల ఆట వస్తువు ప్రకటనలో 'కొనుక్కో' అని అర్థం వచ్చే మాటలు రెప్పపాటులో మెరిసిపోయేలా పెట్టారని బయటపడింది. మరుసటి నెలలోనే అక్కడి ప్రసారాల కమిషన్, ఇలాంటి పద్ధతులు పనిచేసినా చేయకపోయినా మోసగించే ఉద్దేశంతో చేసేవేననీ, ప్రజాహితానికి విరుద్ధమనీ ప్రకటించింది. అయినా 2000 సంవత్సరంలో అధ్యక్ష ఎన్నికల ప్రకటన ఒకదానిలో, 'బ్యూరోక్రాట్స్' అన్న మాటలోని చివరి ముక్క 'రాట్స్', అంటే ఎలుకలు, సెకనులో ముప్ఫయ్యో వంతు సేపు పెద్ద అక్షరాల్లో మెరిసి పెద్ద రభస అయింది. విచారణ జరిగింది, శిక్ష ఎవరికీ పడలేదు.

మరి అంతా బూటకమేనా?

ఇక్కడికి చదివి "ఓస్, అంతా ఉత్తుత్తి వ్యవహారమే" అని పుట తిప్పేయకండి. వికరీ అబద్ధాలాడాడు గానీ, ప్రశ్న అబద్ధం కాదు. వికరీ పుట్టకముందే దాన్ని పరీక్షించినవాళ్ళున్నారు.

1884లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పర్స్ అనే పండితుడూ, జోసెఫ్ జాస్ట్రో అనే ఆయన విద్యార్థీ తూకాలతో ఒక పరీక్ష చేశారు. వేలి మీద ఒక బరువు మోపుతారు, తర్వాత దానికన్నా వెంట్రుకవాసి తేడా ఉన్న ఇంకో బరువు. ఏది ఎక్కువ? చెప్పాలి, ఎంత నమ్మకంతో చెబుతున్నారో కూడా చెప్పాలి. ఏ వరస వస్తుందో ఎవరికీ ముందుగా తెలియకుండా పేకముక్కలు కలిపి తీసేవారు. "నాకేమీ తేడా తెలియట్లేదు, గుడ్డిగా చెబుతున్నా" అన్నప్పుడు కూడా, పదిలో సుమారు ఆరుసార్లు జవాబు సరిగ్గా వచ్చింది. నిజంగా గుడ్డిగా చెబితే అయిదే రావాలి. మనసుకి తెలియని తేడా వేలికి తెలిసిందన్నమాట.

ఆ వ్యాసం చివర వాళ్ళు రాసిన ఒక మాట మన పాఠకురాళ్ళకి నచ్చుతుంది. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో మనం పసిగట్టేది ఇలాంటి, మనకే తెలియనంత సన్నని గుర్తుల వల్ల కావచ్చనీ, ఆడవాళ్ళకుండే పసిగట్టే శక్తికి ఇదే కారణం కావచ్చనీ అన్నారు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచిన తీరు చూసే ఆఫీసులో ఏదో జరిగిందని మనకి తెలిసిపోతుందా లేదా? ఎలా తెలిసిందే అంటే చెప్పలేం. (దీనికి ఆడా మగా తేడా నిజంగా ఉందని వాళ్ళేమీ కొలవలేదనుకోండి. అయినా పొగడ్త వస్తే ఎందుకు కాదనాలి!)

తర్వాత 1980లో విలియం కన్స్ట్ విల్సన్, రాబర్ట్ జాయన్స్ అనే ఇద్దరు ఇంకా సూటిగా పరీక్షించారు. వంకరటింకర ఎనిమిది భుజాల బొమ్మలు కొన్ని, ఒక్కొక్కటి సెకనులో వెయ్యోవంతు చూపించారు. తర్వాత అవే బొమ్మలని, చూపించని బొమ్మలతో జతలు కట్టి నింపాదిగా చూపించి రెండు ప్రశ్నలడిగారు. ఇందులో ఇందాక చూసింది ఏది? ఏది బాగుంది? మొదటిదానికి జవాబులు సగం తప్పు, సగం ఒప్పు. అంటే గుర్తే లేదు. కానీ 'బాగుంది' అన్నవాటిలో 60 శాతం అంతకుముందు చూపించినవే. చూసిన గుర్తు లేదు, ఇష్టం మాత్రం మిగిలింది.

1998లో ఫ్రాన్సుకి చెందిన స్టానిస్లాస్ దెహేన్ బృందం మెదడు లోపలికే తొంగిచూసింది. తెర మీద ఒక అంకె వస్తుంది. అది 5 కన్నా పెద్దదైతే ఒక చేత్తో, చిన్నదైతే ఇంకో చేత్తో మీట నొక్కాలి. దానికి ముందు, ఎవరికీ తెలియకుండా, వెయ్యింట 43 వంతుల సెకను సేపు ఇంకో అంకె మెరుస్తుంది. దాగిన అంకె, కనిపించే అంకె రెండూ పెద్దవే అయితే చెయ్యి చురుగ్గా కదిలింది. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే కాస్త తటపటాయించింది. మెదడులో చేతిని కదిలించే భాగం, కనిపించని అంకె మాట విని అప్పటికే తయారవుతోందని పరికరాల్లో తెలిసింది. అంటే అంకె కనిపించకపోవడమే కాదు, దాని అర్థం కూడా ఎక్కడో పోల్చుకున్నారు.

గడప కింద నుంచి మాట లోపలికి వస్తుంది. ఇది నిజం. అయితే ఎంతసేపు నిలుస్తుంది?

1996లో ఆంథొనీ గ్రీన్వాల్డ్ అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో దీన్నే కొలిచాడు. దాగిన మాట ప్రభావం సెకనులో పదో వంతు దాటితే మాయమైపోయింది. సినిమా హాల్లో సందేశం చూసినవాడు లేచి, బయటికి నడిచి, జేబులో చెయ్యి పెట్టి పాప్‌కార్న్ కొనాలంటే ఎంతసేపు పట్టాలి? ఈ లెక్క మీద ఇంకా వాదోపవాదాలున్నాయి. 2016లో స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు, కనిపించకుండా చూపించిన ముఖాలూ వాళ్ళ ఉద్యోగాలూ సుమారు ఇరవై నిమిషాల తర్వాత కూడా "వీళ్ళ సంపాదన ఎక్కువా తక్కువా" అన్న ఊహ మీద కొంత ప్రభావం చూపాయన్నారు. ఇదంతా చీకటి గదిలో, కళ్ళు తెరకి అప్పగించి కూర్చున్నవాళ్ళ సంగతి. ఇంట్లో పిల్లల గోల, కాలింగ్ బెల్లు, పాలు పొంగడం మధ్య కాదు.

దాహం ఉంటేనే

నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రయోగాలు రెండున్నాయి. రెండూ దాహం గురించే.

2002లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు కొందరిని మూడు గంటలు ఏమీ తినకుండా తాగకుండా రమ్మన్నారు. వచ్చాక కొందరికి మంచినీళ్ళిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత దాహానికి సంబంధించిన మాటలని కనిపించకుండా తెర మీద మెరిపించారు. ఆ తర్వాత తాగడానికి ఇస్తే, అప్పటికే దాహంతో ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ తాగారు. దాహం తీరినవాళ్ళ మీద ఆ మాటలకి ప్రభావం లేదు.

2006లో నెదర్లాండ్స్‌లో యోహాన్ కరెమాన్స్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. లిప్టన్ ఐస్ అనే చల్లని టీ పేరుని, వెయ్యింట 23 వంతుల సెకను చొప్పున తెర మీద మెరిపించారు. తర్వాత ఏం తాగుతారని అడిగితే, దాహంగా ఉన్నవాళ్ళే ఆ టీ వైపు ఎక్కువగా మొగ్గారు. రెండోసారి చేసినప్పుడు ముందుగా ఉప్పు బిళ్ళలు చప్పరింపజేసి మరీ దాహం పుట్టించారు. అప్పుడూ అంతే. దాహం లేనివాళ్ళని ఆ పేరు కదిలించలేదు.

దాహంతో దుకాణం ముందు నిలబడ్డవాణ్ణి టీ వైపా, సోడా వైపా అని కొంచెం మొగ్గేలా చేయవచ్చేమో గానీ, దాహం లేనివాడిచేత కొనిపించలేరు. చదవాలని లేని పిల్లాడిచేత చదివించలేరని కూడా దీన్నిబట్టి ఊహించవచ్చు. కానీ ఊహ ఎందుకు, క్యాసెట్లనే నేరుగా పరీక్షించినవాళ్ళున్నారు.

డబ్బా మీద చీటీ మార్చారు

ముందు 1988లో వాటర్లూ విశ్వవిద్యాలయంలోనే ఫిలిప్ మెరికల్ అనే ఆయన, బజారులో అమ్మే ఇలాంటి క్యాసెట్లు కొన్ని తెప్పించి, శబ్దాన్ని బొమ్మగా గీసే యంత్రంలో పెట్టి చూశాడు. సంగీతం ఉంది, అలలున్నాయి. వాటి అడుగున మనిషి మాటల ఆనవాలే దొరకలేదు! మనుషులకి వినిపించి, మాటలున్న క్యాసెట్టు ఏదో, ఉత్త అలల క్యాసెట్టు ఏదో చెప్పమంటే ఎవరూ పోల్చలేకపోయారు. సాంబారులో ముక్కలు కనపడకపోతే కరిగిపోయాయని సర్దిచెప్పుకోవచ్చు. అసలు వేయనేలేదంటే?

1991లో గ్రీన్వాల్డ్, ఆంథొనీ ప్రాట్కానిస్, వాళ్ళ సహచరులు చేసిన పరీక్ష ఇంకా సొగసుగా ఉంటుంది. రెండు రకాల క్యాసెట్లు తీసుకున్నారు. ఒకటి జ్ఞాపకశక్తి పెంచేది, ఇంకోటి ఆత్మవిశ్వాసం పెంచేది. సగం మందికి చీటీలు మార్చి ఇచ్చారు. ధనియాల పొడి డబ్బాకి జీలకర్ర పొడి అని చీటీ అంటించినట్టు. ఇచ్చేవాళ్ళకీ తెలియదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలియదు. అలా ఎందుకంటే, ఇచ్చేవాళ్ళకి తెలిస్తే ముఖంలోనో గొంతులోనో బయటపడుతుంది. ఇందాక పర్స్ గారు చెప్పిన సన్నని గుర్తులు ఉండనే ఉన్నాయి కదా.

కొన్ని వారాలు రోజూ విన్నారు. ముందూ తర్వాతా జ్ఞాపకశక్తికీ ఆత్మవిశ్వాసానికీ పరీక్షలు పెట్టారు. క్యాసెట్టులో నిజంగా ఉన్న సరుకుని బట్టి ఎవరికీ ఏ తేడా రాలేదు. కానీ "మీకెలా ఉంది?" అని అడిగితే, మూడోవంతుకి పైగా జనం చీటీ మీద ఏం రాసి ఉందో సరిగ్గా అదే పెరిగిందన్నారు. ఆత్మవిశ్వాసం క్యాసెట్టు విన్నవాళ్ళు కూడా, పైన 'జ్ఞాపకశక్తి' అని ఉంటే, "ఇప్పుడు బాగా గుర్తుంటోందండీ" అన్నారు.

కెనడావాళ్ళ ఆకలి గుర్తుందా? ఇదీ అదే. లోపల దాచినది పనిచేయలేదు, పైన కొట్టొచ్చినట్టు రాసినదే పనిచేసింది.

తిరగేసి వినిపించే పాటల సంగతీ ఇంతే. పాట రికార్డుని వెనకనుంచి తిప్పితే దయ్యాల మాటలు వినిపిస్తాయనీ, అవి పిల్లల మనసు పాడుచేస్తాయనీ ఒకప్పుడు అమెరికాలో తల్లిదండ్రులు హడలిపోయారు. 1985లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జాన్ వోకీ, డాన్ రీడ్ అనే ఇద్దరు మాటలని తిరగేసి వినిపించారు. ఆడ గొంతో మగ గొంతో చెప్పగలిగారు గానీ, అది ప్రశ్నో జవాబో, పిల్లల పాటో భక్తి మాటో ఎవరూ పోల్చలేకపోయారు. "ఇక్కడ ఫలానా మాట ఉంది, వినండి" అని ముందే చెబితే మాత్రం చాలామందికి ఆ మాటే వినిపించింది! పెచ్చులూడిన గోడ మీద ఎవరైనా "అదుగో ఏనుగు" అన్నాక ఇక ఏనుగు తప్ప ఇంకేం కనపడుతుంది? 1990లో నెవాడాలోని రీనో పట్టణంలో ఒక రాక్ బృందం మీద ఇలాంటి దాగిన మాటల గురించే కోర్టు కేసు నడిచింది. ఇద్దరు యువకుల ప్రాణాలకి సంబంధించిన విషాదమది. అక్కడ వినిపిస్తోందన్న మాట, గాయకుడు వదిలిన ఊపిరీ గిటారు చప్పుడూ కాకతాళీయంగా కలిసి ఏర్పడిందేనని న్యాయమూర్తి తేల్చి, బృందానికి అనుకూలంగా తీర్పు చెప్పారు.

నిద్రలో పాఠాలు

"పోనీ, నిద్రలో పెడితే?" అని అడిగేవాళ్ళుంటారు. 1956లో అమెరికాలో ఛార్లెస్ సైమన్, విలియం ఎమన్స్ అనే ఇద్దరు, నిద్రపోతున్నవాళ్ళ తలకి తీగలు అంటించి మెదడు తరంగాలు చూస్తూ, ప్రశ్నలూ జవాబులూ వినిపించారు. గాఢనిద్రలో విన్నది ఒక్కటీ తెల్లారి గుర్తులేదు. గుర్తున్నవల్లా సగం మెలకువలో ఉన్నప్పుడు విన్నవే. నిద్రలో పాఠం ఎక్కలేదు, పాఠం వల్ల నిద్ర చెడింది.

దీనికి ఈమధ్య ఒక ముద్దైన తోక వచ్చింది. 2009లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో 50 బొమ్మలు తెర మీద ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోమన్నారు. ఒక్కో బొమ్మకి ఒక్కో చప్పుడు. పిల్లికి మ్యావ్, నీళ్ళు కాగే కెటిల్‌కి విజిలు, ఇలా. తర్వాత కాసేపు నిద్రపోనిచ్చి, సగం చప్పుళ్ళని మెల్లగా వినిపించారు. లేచాక ఆ చప్పుళ్ళ తాలూకు బొమ్మల చోట్లు మిగతావాటికన్నా బాగా గుర్తున్నాయి. కానీ చూడండి, అవి మెలకువలో కూర్చుని నేర్చుకున్నవే. నేర్చుకోనిదాన్ని నిద్ర పోగుచేసి ఇవ్వలేదు, నేర్చుకున్నదాన్ని గట్టిపరిచింది. రాత్రి పదకొండింటికి పుస్తకం మూయించి పిల్లల్ని పడుకోబెట్టే తల్లి చేస్తున్న పని ఇదే.

ఇప్పుడు క్యాసెట్లు పోయాయి. యూట్యూబులో 'సబ్లిమినల్' అని కొడితే చాలు, ర్యాంకు కోసం, జుట్టు పెరగడానికి, రంగు రావడానికి, పోయిన స్నేహం తిరిగి రావడానికి కూడా వాన చప్పుళ్ళు, అలల చప్పుళ్ళు వరదలా వచ్చిపడతాయి. మా పక్కింటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది, రాత్రంతా చెవుల్లో పెట్టుకునే పడుకుంటుంది. ఖర్చు లేదు కదా ఆంటీ అంటుంది. ఖర్చు లేకపోవడమేమిటి, నిద్ర ఖర్చు కాదా అని నాకు నోటిదాకా వచ్చింది. ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయ్యాక ఇస్తాను.

మా మేనల్లుడి సంగతి అడుగుతారు. రెండు నెలలు విన్నాక "ఎలా ఉందిరా?" అంటే, "బాగా గుర్తుంటోంది అత్తా" అన్నాడు. వదిన ముఖం మతాబులా వెలిగిపోయింది. క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల మార్కులు అంతకు ముందెన్నో ఇప్పుడూ అన్నే. అప్పుడు వదిన వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర వాణ్ణి కుదిర్చింది. పొద్దున్నే అయిదున్నరకి వెళ్ళాలి. వాణ్ణి లేపడానికి తను అయిదింటికి లేచేది. ఇంటర్ గట్టెక్కాడు.

క్యాసెట్లు నాలుగూ వదిన పారేయలేదు. రికార్డు కాకుండా విరిచేసిన చోట సెలోటేపు అంటించి, వాటి మీద ఆలిండియా రేడియోలో వచ్చే త్యాగరాజ కీర్తనలు ఎక్కించుకుంది. ఇప్పటికీ ఒకటి ఉంది. ఒక కీర్తన అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో, రెండు క్షణాలు సముద్రం వినిపిస్తుంది.